రంగు కెమెరాతో నీహారికల చిత్రీకరణ: నెల్లూరు మేడ మీద ఏ ఫిల్టర్ పనికొస్తుంది?

పెన్నా తీరం

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా మేడ మీద నుంచి నీహారికలను చిత్రీకరిస్తున్నాను. నా వద్ద 72 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ (లెన్సులతో పనిచేసే టెలిస్కోప్, ఫోకల్ పొడవు దాదాపు 430 మిల్లీమీటర్లు, అంటే ఎఫ్/6), ఏఎస్‌ఐ 533 ఎంసీ ప్రో రంగు కెమెరా, గైడింగ్‌తో నక్షత్రాల కదలికను అనుసరించే మౌంట్ ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడిన తరువాత రోజెట్ నీహారికను పట్టుకుందామని కూర్చుంటే, ఎన్ని ఫ్రేములు స్టాక్ చేసినా (ఒకదానిపై ఒకటి కలిపినా) చిత్రమంతా బూడిద రంగు వెలుగే నిండిపోయి, నీహారిక దాని అడుగున లీలగా మాత్రమే కనిపిస్తోంది.

ఫిల్టర్ కొనాలని నిర్ణయించుకున్నాను, కానీ ఏది కొనాలో తేలడం లేదు. వీధి దీపాల కాంతిని తగ్గిస్తామని చెప్పే సాధారణ ఫిల్టర్లు ఒక రకం, రెండు సన్నని రంగు పట్టీలను మాత్రమే రానిచ్చే డ్యూయల్ బ్యాండ్‌లో 7 నానోమీటర్ల వెడల్పుది ఇంకొక రకం, 3 నానోమీటర్లది మూడో రకం. మూడూ కొనే స్తోమత నాకు లేదు. ఒక్కటే కొనవలసి వస్తే ఏది కొనాలో కారణాలతో సహా చెప్పగలరా?

ఉదయగిరి కొండ

ముందు ఏ వస్తువులను తీయదలచుకున్నారో చెప్పండి. గెలాక్సీలైతే ఏ ఫిల్టరూ వద్దు. ఆ డబ్బు పెట్రోలుకు ఉంచుకుని ఆత్మకూరు మీదుగా మా ఊరి వైపు రండి.

ఒంగోలు మాస్టారు

ఉదయగిరి మిత్రులు సూటిగా చెప్పారు, అయితే దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రాన్ని కొంచెం విప్పి చెబితే ప్రశ్న అడిగినవారు తమంతట తామే నిర్ణయించుకోగలరు.

రోజెట్, ఒరాయన్, లగూన్ వంటి ఉద్గార నీహారికలు ఎంచుకున్న కొన్ని తరంగదైర్ఘ్యాలలోనే వెలుగుతాయి. హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రగా, రెండుసార్లు అయనీకరణం చెందిన (రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన) ఆక్సిజన్ 500.7, 495.9 నానోమీటర్ల వద్ద నీలి ఆకుపచ్చగా వెలుగుతాయి. హైడ్రోజన్ బీటా 486.1 వద్ద, గంధకం 671.6, 673.1 వద్ద ఉన్నాయి గానీ అవి ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. ఈ ఆక్సిజన్ రేఖలను 1864లో విలియం హగ్గిన్స్ మొదటగా ఒక నీహారికలో చూసినప్పుడు అవి భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. 1927లో ఐరా బోవెన్ లెక్క తేల్చేవరకు, అంటే అరవై ఏళ్లకు పైగా, అదేదో కొత్త మూలకమనే ఖగోళవేత్తలు అనుకున్నారు. మన ప్రయోగశాలల్లో మామూలుగా సాధించే శూన్యం కంటే నీహారికలోని వాయువు ఎంతో పలుచన కావడం వల్లనే ఆ రేఖలు అక్కడ అంత బలంగా వెలువడతాయి.

ఇక మన ఊరి ఆకాశం సంగతి. ఊరి కాంతి 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పరచుకుని ఉంటుంది. మీ కెమెరాలోని ఎర్ర పిక్సెల్ సుమారు 600 నుంచి 700 వరకు, అంటే వంద నానోమీటర్ల వెడల్పున వచ్చే ప్రతి కాంతినీ తీసుకుంటుంది. మీకు కావలసిన నీహారిక కాంతి మాత్రం అందులో ఒక్క రేఖ. దాని చుట్టూ 7 నానోమీటర్ల కిటికీ మాత్రమే ఉంచి మిగతాది మూసివేస్తే నీహారిక కాంతి దాదాపు అంతా వస్తుంది, ఊరి కాంతి మాత్రం పద్నాలుగో వంతుకు పడిపోతుంది. ఆకాశపు వెలుగు వల్ల పుట్టే రొదే (చిత్రంలోని గరుకుదనమే) ప్రధాన శత్రువైనప్పుడు ఒకే నాణ్యత సాధించడానికి పట్టే సమయం ఆ వెలుగుకు అనులోమంగా ఉంటుంది. అంటే ఫిల్టర్ పెట్టి తీసిన ఒక గంట, ఫిల్టర్ లేకుండా తీసిన పద్నాలుగు గంటలకు సమానమవుతుంది. ఇది కాగితం మీది లెక్క. ఫిల్టర్ మింగే కొద్దిపాటి కాంతి, కెమెరా రీడ్ నాయిస్ (ప్రతి ఫ్రేమును చదివేటప్పుడు కెమెరాయే చేర్చే రొద) కలిస్తే లాభం కొంత తగ్గుతుంది, అయినా చిన్నది కాదు.

గెలాక్సీలో వెలిగేవి ప్రధానంగా నక్షత్రాలు. వాటి కాంతి కూడా ఊరి కాంతి లాగే వర్ణపటమంతా పరచుకుని ఉంటుంది కనుక, కిటికీని ఎంత మూస్తే గెలాక్సీ కూడా అంత తగ్గుతుంది. పిల్లలకోడి అని మన పల్లెల్లో పిలిచే కృత్తికల చుట్టూ ఉన్న నీలి ధూళి సంగతీ ఇంతే, అది నక్షత్రకాంతిని పరావర్తనం చేయడమే తప్ప తనంతట తాను వెలగదు.

కావలి కుర్రాడు

మాస్టారూ, ఈ లెక్క ప్రకారం కిటికీ ఎంత సన్నగా ఉంటే అంత లాభం కదా? అటువంటప్పుడు అన్నగారు నేరుగా 3 నానోమీటర్ల ఫిల్టర్ కొనుక్కోవడమే మేలు కాదా? 7 నుంచి 3కు వెళ్తే ఊరి కాంతి మళ్లీ సగానికి పైగా తగ్గుతుంది.

కందుకూరు చుక్కలు

లెక్క తప్పు కాదు, తమ్ముడూ. నెల్లూరు వంటి పట్టణం నడిబొడ్డున, ఎఫ్/6 టెలిస్కోప్‌తో, హైడ్రోజన్ నీహారికలే తీసేవారికి 3 నానోమీటర్ల ఫిల్టర్ నిజంగానే మేలు చేస్తుంది. అయినా ఒక్కటే ఫిల్టర్ కొనేవారికి నేను దానిని సూచించను.

హైడ్రోజన్ ఆల్ఫాకు ఇరువైపులా 654.8, 658.3 నానోమీటర్ల వద్ద నత్రజని రేఖలు ఉన్నాయి. 7 నానోమీటర్ల ఫిల్టర్ వాటిని కూడా లోపలికి రానిస్తుంది, 3 నానోమీటర్లది బలమైన 658.3 రేఖను చాలావరకు ఆపేస్తుంది. హెలిక్స్, డంబెల్ వంటి గ్రహ నీహారికలలో ఆ నత్రజని కాంతి తక్కువేమీ కాదు. దానిని కోల్పోతే చిత్రంలో ఎరుపు పలచబడుతుంది. అదీగాక, కిటికీ అంత సన్నగా ఉన్నప్పుడు అది తయారీలో ఒక నానోమీటరు పక్కకు జరిగినా అసలు రేఖే గట్టు మీదికి వస్తుంది. 7 నానోమీటర్లలో అదే తేడా మనకు తెలియను కూడా తెలియదు. పైగా నక్షత్రాలు బాగా మసకబారడం వల్ల ఫోకస్ చేయడమూ, ఫ్రేమును సరిగా కూర్చుకోవడమూ విసుగు పుట్టిస్తాయి.

మొదటిసారి ఫిల్టర్ కొనేవారికి 5 నుంచి 7 నానోమీటర్ల మధ్యది చాలునని నా అభిప్రాయం. ఆప్టోలాంగ్ ఎల్-ఎక్స్‌ట్రీమ్ 7 నానోమీటర్లది, యాంట్లియా ఏఎల్‌పీ-టి 5 నానోమీటర్లది, ఎల్-అల్టిమేట్ 3 నానోమీటర్లది. పేరు కంటే, ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత రానిస్తుందో చూపే వర్ణరేఖాపటం ముఖ్యం.

ఇంకొక సంగతి. నేను మొదట వాడిన ఫిల్టర్‌తో (కంపెనీ పేరు అనవసరం) గుర్రపుతల నీహారికను తీస్తే పక్కనున్న ఆల్నిటాక్ అనే ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ పెద్ద వలయం ఏర్పడింది. ఏ ప్రాసెసింగ్‌తోనూ అది పూర్తిగా పోలేదు. కొనేముందు అదే ఫిల్టర్‌తో ఇతరులు తీసిన ఆల్నిటాక్ చిత్రం ఒకటి వెతికి చూడండి. ఏ ప్రకటనా చెప్పని నిజం ఆ ఒక్క నక్షత్రం చెబుతుంది.

ఒంగోలు మాస్టారు

కందుకూరు అమ్మ చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఈ ఫిల్టర్లు వ్యతికరణం (పలుచని పొరల నుంచి వచ్చే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలియడం) మీద పనిచేస్తాయి కనుక కాంతి నిటారుగా కాక ఏటవాలుగా వచ్చినప్పుడు కిటికీ మొత్తం నీలం వైపు జరుగుతుంది. ఎఫ్/6 టెలిస్కోప్‌లో అంచు కిరణం సుమారు 5 డిగ్రీల వాలుతో వస్తుంది, జరుగుదల అర నానోమీటరు ప్రాంతంలో ఉంటుంది. ఎఫ్/2 టెలిస్కోప్‌లో అదే కిరణం 14 డిగ్రీల వాలుతో వస్తుంది, జరుగుదల 4, 5 నానోమీటర్ల దాకా పోతుంది. అటువంటి వేగవంతమైన టెలిస్కోప్‌లో మామూలు 3 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే అద్దం అంచుల నుంచి వచ్చే హైడ్రోజన్ కాంతికి తలుపు మూసినట్లే. అందుకే వాటికి ముందే జరిపి తయారుచేసిన ప్రత్యేక ఫిల్టర్లు అమ్ముతారు. పెన్నా తీరం గారికి ఈ బెడద లేదు.

చీమకుర్తి గెలాక్సీ

ప్రశ్నలో మొదట అడిగిన సాధారణ ఫిల్టర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక అది నేను చెబుతాను. సోడియం దీపాల కాలంలో ఆ ఫిల్టర్లకు అర్థం ఉండేది. సోడియం కాంతి అధికభాగం 589 నానోమీటర్ల పరిసరాల్లోనే గుమిగూడి ఉండేది, పాదరసం దీపాలు 435.8, 546.1 వంటి నిర్దిష్ట రేఖల్లో వెలిగేవి. ఆ కొన్ని చోట్లను కత్తిరిస్తే మిగిలిన ఆకాశం బాగానే ఉండేది. గత పదేళ్లలో మన పట్టణాల్లో వీధి దీపాలు ఎల్ఈడీలుగా మారాయి. తెల్ల ఎల్ఈడీకి 450 నానోమీటర్ల దగ్గర ఒక నీలి శిఖరం, ఆ తరువాత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఒకే పెద్ద దిబ్బ ఉంటాయి. దిబ్బను ఎక్కడని కత్తిరిస్తారు? కత్తిరించిన మేరకు చిత్రం రంగులు చెడడమే తప్ప పెద్ద లాభం ఉండదు. ఇప్పటి నెల్లూరులో ఆ ఫిల్టర్‌కు డబ్బు పెట్టడం వృథా అని నేను నిర్మొహమాటంగా చెప్పగలను.

మా ఊళ్లో క్వారీల ఫ్లడ్‌లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. ప్రపంచమంతా తెలిసిన మా నల్ల గ్రానైటుకు గెలాక్సీ అని పేరుంది గానీ, ఆ రాయిలో కనిపించినన్ని చుక్కలు దాని పైనున్న ఆకాశంలో కనిపించవు.

అందరికీ పనికొచ్చే ఫిల్టర్ ఒకటుంది, అది అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే యూవీ-ఐఆర్ కట్. 533 కెమెరా ముందున్న గాజు పరావర్తనాన్ని తగ్గించేదే తప్ప పరారుణాన్ని ఆపదు. సిలికాన్ సెన్సర్ 700 నానోమీటర్లు దాటిన తరువాత కూడా చూస్తూనే ఉంటుంది, అక్కడ పిక్సెళ్ల మీది రంగు పొరలు మూడూ పారదర్శకమవుతాయి, రిఫ్రాక్టర్ లెన్సు ఆ కాంతిని వేరే చోట ఫోకస్ చేస్తుంది. ఫలితంగా నక్షత్రాలు ఉబ్బుతాయి, రంగులు వెలిసిపోతాయి. డ్యూయల్ బ్యాండ్ పెట్టనప్పుడల్లా ఇది ఉండాలి. ధర కూడా తక్కువే.

ఉదయగిరి కొండ

నా మొదటి మాటను తేలిగ్గా అన్నానని అనుకోకండి, దానికీ లెక్క ఉంది. పట్టణంలో ఆకాశపు వెలుగు చదరపు ఆర్క్ సెకనుకు 18.5 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగే కొద్దీ చీకటి ఎక్కువ) అనుకుందాం, కొండల వెనుక మంచి చీకట్లో 21.5 అనుకుందాం. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే దాదాపు పదహారు రెట్లు. మాస్టారు ఫిల్టర్‌తో సాధించిన పద్నాలుగు రెట్లనూ దీనినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిల్టర్ ఇచ్చే లాభం రెండు రేఖలకే పరిమితం. చీకటి ఇచ్చే లాభం గెలాక్సీలకు, పరావర్తన నీహారికలకు, జ్యేష్ఠ నక్షత్రం చుట్టూ ఉన్న రంగురంగుల ధూళికి, చీకటి నీహారికలకు, అన్నింటికీ వర్తిస్తుంది. నెల్లూరు నుంచి మా ఊరికి దాదాపు వంద కిలోమీటర్లు. నెలకొకసారి, అమావాస్యకు వస్తే చాలు.

కందుకూరు చుక్కలు

లెక్క సరైనదే, కానీ నెలకొక అమావాస్య, ఆ రోజే మబ్బు పడితే? ఉద్యోగం, పిల్లలు ఉన్నవారికి మౌంటూ బ్యాటరీలూ కారులో వేసుకుని అర్ధరాత్రి ఘాట్ దగ్గర కూర్చోవడం ప్రతిసారీ కుదిరే పని కాదు. ఆడవారికైతే మరీ కష్టం. మేడ మీద వారానికి మూడు రాత్రులు దొరుకుతాయి, వెన్నెల ఉన్నా డ్యూయల్ బ్యాండ్‌తో హైడ్రోజన్ పని జరుగుతుంది. వెన్నెల నీలం వైపు ఎక్కువగా చెదురుతుంది కనుక ఆక్సిజన్ దెబ్బతింటుంది. బలమైన ఆక్సిజన్ ఉన్న వీల్ నీహారిక వంటి వాటిని చంద్రుడు లేని రాత్రులకు ఉంచుకుంటే సరిపోతుంది.

ఉదయగిరి కొండ

ఆ మాట ఒప్పుకుంటాను, అక్కా. మేడకు డ్యూయల్ బ్యాండ్, కొండకు యూవీ-ఐఆర్ కట్ అందాం.

పెన్నా తీరం

ఎంతో స్పష్టత వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, రెండు అంగుళాలది కొనాలా, ఒకటింబావు అంగుళానిది సరిపోతుందా? రెండు, డ్యూయల్ బ్యాండ్ చిత్రాల్లో నక్షత్రాలు అన్నీ ఒకే వింత రంగులో ఉంటాయని విన్నాను, దానికి ఉపాయమేమిటి? మూడు, మా మేడకు దక్షిణం వైపు అడ్డం లేదు. కరీనా నీహారికను మన అక్షాంశం నుంచి తీయడం సాధ్యమేనా?

కందుకూరు చుక్కలు

మొదటిది: మీ సెన్సర్ కర్ణం 16 మిల్లీమీటర్లే కనుక ఒకటింబావు అంగుళం చాలు, ధరలో చాలా తేడా వస్తుంది. రేపు పెద్ద సెన్సర్‌కు, అంటే 28 మిల్లీమీటర్ల కర్ణం ఉన్న ఏపీఎస్-సి కెమెరాకు మారే ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం ఇప్పుడే రెండు అంగుళాలది తీసుకోవడం మంచిది.

రెండోది: మీ కెమెరాలో ప్రతి నాలుగు పిక్సెళ్లకు ఒకటి ఎరుపు, రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం. హైడ్రోజన్ ఆల్ఫా ఒక్క ఎర్ర పిక్సెల్‌లోనే పడుతుంది, ఆక్సిజన్ మిగిలిన మూడింటిలోనూ పడుతుంది. అందువల్ల ఈ చిత్రాన్ని మామూలు రంగు చిత్రంలా ప్రాసెస్ చేయకుండా, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ వేరుచేసే స్క్రిప్టుతో రెండు నలుపు తెలుపు చిత్రాలుగా విడదీసి, వాటిని విడివిడిగా సాగదీసి, హైడ్రోజన్‌ను ఎరుపుకూ ఆక్సిజన్‌ను ఆకుపచ్చ, నీలాలకూ ఇచ్చి మళ్లీ కలపండి. అప్పుడే రోజెట్ నడిబొడ్డులోని నీలం బయటపడుతుంది, లేకపోతే అంతా ఎరుపే మింగేస్తుంది. నక్షత్రాల కోసం డ్యూయల్ బ్యాండ్ తీసేసి, యూవీ-ఐఆర్ కట్ మాత్రమే పెట్టి, 30 సెకన్ల ఫ్రేములు ఒక అరగంట తీసుకోండి. ఆ నక్షత్రాలను ఈ నీహారిక మీద అమర్చవచ్చు. ఫ్లాట్లు (సమానంగా వెలిగే తెర మీద తీసే సవరణ ఫ్రేములు) ఏ ఫిల్టర్‌కు ఆ ఫిల్టర్ పెట్టి తీయాలి, డార్కులకు (మూత పెట్టి తీసేవాటికి) ఆ పట్టింపు లేదు.

ఎక్స్‌పోజర్ విషయం కూడా చెప్పాలి. ఫిల్టర్ పెట్టగానే ఆకాశం నల్లబడుతుంది కనుక ఒక్కొక్క ఫ్రేము 60 సెకన్లు ఉంటే రీడ్ నాయిస్ పైచేయి అవుతుంది. గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే స్థాయి) 100 వద్ద 300 సెకన్లతో మొదలుపెట్టండి. ఎండాకాలం రాత్రుల్లో సెన్సర్‌ను మైనస్ 10 డిగ్రీలకు చల్లబరచడం కోసం కూలర్‌ను నూటికి నూరు శాతం తోలకండి, సున్నా డిగ్రీలు ఈ కెమెరాకు చాలు.

ఒంగోలు మాస్టారు

మూడో ప్రశ్న నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో అధికభాగం వారికి కరీనా దిగంతం దాటి పైకే రాదు. నెల్లూరు అక్షాంశం 14.4 డిగ్రీలు, కరీనా నీహారిక దక్షిణాన దాదాపు 60 డిగ్రీల క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణీయ దూరం) వద్ద ఉంది. కాబట్టి అది మీకు గరిష్ఠంగా 16 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మార్చి మొదట్లో అర్ధరాత్రి వేళ, ఏప్రిల్ మొదట్లో రాత్రి పది గంటల వేళ సరిగ్గా దక్షిణాన ఉంటుంది. ఆ ఎత్తులో కాంతి నడినెత్తిన ఉన్నప్పటికంటే మూడున్నర రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. మన సముద్రతీరపు తేమ, రొయ్యల చెరువుల దీపాలు, ఆగ్నేయాన కృష్ణపట్నం వైపు వెలుగు, అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. అయినా కరీనా ఎంత ప్రకాశవంతమైనదంటే, డ్యూయల్ బ్యాండ్ ఉంటే ఆ అడ్డంకులన్నీ దాటి చిత్రం వస్తుంది. ఆ ఎత్తులో వాతావరణ వక్రీభవనం వల్ల హైడ్రోజన్, ఆక్సిజన్ చిత్రాలు ఒకదానికొకటి కొద్దిగా జరిగి ఉంటాయి, మీ ఫోకల్ పొడవుకు అది దాదాపు ఒక పిక్సెల్. రెండింటినీ ఎలాగూ విడదీస్తారు కనుక విడివిడిగా అమర్చుకుంటే పోతుంది.

అదే సమయంలో ధ్రువ నక్షత్రం మీకు 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుందని మరచిపోకండి. ఉత్తరం వైపు కొబ్బరి చెట్టు అడ్డం వస్తే పోలార్ అలైన్‌మెంట్‌ను (మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు నిలపడాన్ని) నక్షత్రాల జరుగుదల చూసి సర్దే డ్రిఫ్ట్ పద్ధతిలో చేసుకోవాలి.

కావలి కుర్రాడు

నా వద్ద మార్పులు చేయని డీఎస్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉంది. నాకూ 7 నానోమీటర్లే సరిపోతుందా?

చీమకుర్తి గెలాక్సీ

తొందరపడవద్దు, తమ్ముడూ. మామూలు కెమెరాలో సెన్సర్ ముందున్న ఫిల్టర్ హైడ్రోజన్ ఆల్ఫాలో నాలుగో వంతు ప్రాంతంలోనే లోపలికి రానిస్తుంది. దాని మీద సన్నని ఫిల్టర్ కూడా పెడితే ఒక్కొక్క ఫ్రేముకు చాలా నిమిషాలు కావాలి, చల్లబరచని సెన్సర్ ఆ వేడికి రొదతో నిండిపోతుంది. ముందు ఆ లోపలి ఫిల్టర్ తీయించే మార్గం చూడు. అంతవరకు ఆక్సిజన్ వైపు కిటికీ వెడల్పుగా ఉండి హైడ్రోజన్ బీటాను కూడా రానిచ్చే ఎల్-ఎన్‌హాన్స్ తరహా ఫిల్టర్ కొంత నయం. ఏదీ కొనకుండా ఉదయగిరి వారి చీకట్లో గెలాక్సీలు, గోళాకార గుచ్ఛాలు తీసుకోవడం అన్నింటికంటే నయం. ఒమేగా సెంటారీ మనకు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, దానికి ఏ ఫిల్టరూ అక్కరలేదు.

పెన్నా తీరం

నా నిర్ణయం ఇది: ఒకటింబావు అంగుళం పరిమాణంలో 7 లేదా 5 నానోమీటర్ల డ్యూయల్ బ్యాండ్ ఒకటి, యూవీ-ఐఆర్ కట్ ఒకటి. సాధారణ ఫిల్టర్ ఆలోచన మానుకున్నాను. ఆల్నిటాక్ చిత్రాలు చూశాకే ఆర్డర్ పెడతాను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఫ్లాట్‌నర్ (మూలల దాకా ఫోకస్ సమంగా ఉంచే లెన్సు) నుంచి సెన్సర్‌కు 55 మిల్లీమీటర్లు ఉండాలన్నారు. మధ్యలో ఫిల్టర్ వస్తే ఆ దూరం మారుతుందా?

చీమకుర్తి గెలాక్సీ

మారుతుంది. గాజు మందంలో మూడో వంతు కలపండి. 2 మిల్లీమీటర్ల ఫిల్టర్ అయితే 55.7 దగ్గర పెట్టి, మూలల్లో నక్షత్రాలు గుండ్రంగా వస్తున్నాయో లేదో చూసి, సన్నని షిమ్ రింగులతో సర్దుకోండి. రెండు ఫిల్టర్లూ ఒకే మందంలో దొరికేటట్లు చూసుకుంటే మార్చినప్పుడల్లా ఈ తలనొప్పి ఉండదు. ఫిల్టర్లను వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. మన తీరంలో తేమగాలికి పూత మీద బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు.